డెబ్బైల్లో లివర్ మారిస్తే ఎన్నాళ్ళు?

శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో తెల్లారకుండా బస్సెక్కి, వైజాగ్‌లో హనుమంతవాక జంక్షన్ దగ్గర దిగి, ఆరిలోవ హెల్త్ సిటీకి ఆటో బేరమాడే కుటుంబాల చేతిలో దాదాపు ఒకటే సామాను ఉంటుంది, ఏదో బట్టల షాపు కవర్లో కుక్కిన స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్ష కాగితాలు, ఒక నీళ్ళ బాటిలు. పక్కన కడుపు ఉబ్బి కాళ్ళు నీరుపట్టిన పెద్దాయన. లోపల డాక్టరు "ట్రాన్స్‌ప్లాంట్ సంగతి ఆలోచించండి" అంటాడు, బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడగానే బావమరిదో తోడల్లుడో అనే మొదటి మాట, "డెబ్బయ్యేళ్ళ మనిషికి ఇప్పుడు ఆపరేషనేటి". తప్పుపట్టాల్సిన మాట ఏం కాదు. కాకపోతే అందులో మూడు ప్రశ్నలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి, ఆ ఒళ్ళు అంత పెద్ద కోత తట్టుకుంటుందా, తట్టుకుంటే ఎన్నాళ్ళు బతుకుతాడు, అసలు చెయ్యకపోతే ఎన్నాళ్ళు. చాలామంది మొదటి రెండిటి దగ్గరే ఆగిపోతారు, మూడోది అడగరు. అడగాల్సిందేమో ముందు అదే.

వయసు గీత అనేది ఈ వైద్యంలో ఎప్పుడూ జరుగుతూనే వచ్చింది. 1963లో అమెరికాలో డెన్వర్‌లో థామస్ స్టార్జ్ల్ మొదటిసారి మనిషికి లివర్ మార్చాడు, ఆ బిడ్డ బతకలేదు, కొన్నాళ్ళు బతికిన కేసు రావడానికి 1967 దాకా పట్టింది, ఇది ప్రయోగం కాదు వైద్యమే అని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ సదస్సు ఒప్పుకున్నది 1983లో. ఆ రోజుల్లో యాభై దాటితేనే ముసలితనం కింద లెక్క, వద్దనేవాళ్ళు. ఇప్పుడు అదే అమెరికాలో లివర్ మార్చుకుంటున్న పెద్దవాళ్ళలో ఐదోవంతుకి పైగా 65 దాటినవాళ్ళే, అక్కడి లివర్ డాక్టర్ల సంఘం 2013లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో వేరే పెద్ద జబ్బులు లేకపోతే 70 దాటడం ఒక్కటే అడ్డం కాదని రాసేసింది. మన దేశంలో చనిపోయిన దాతల అవయవాల కోసం పేరు నమోదు చేసుకోడానికి 65 ఏళ్ళ హద్దు ఉండేది, 2023 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఎత్తేసింది. చిన్న వయసు వాళ్ళకి ప్రాధాన్యం అలాగే ఉంది గానీ లిస్టులో పేరు రాయించుకోడానికైతే ఇప్పుడు వయసు పేరు చెప్పి ఎవరూ కాదనలేరు.

పేషెంట్లు కూడా ముసలివాళ్ళవుతున్నారు, అది ఇంకో సంగతి. ఒకప్పుడు లివర్ పాడవడానికి పెద్ద కారణాల్లో హెపటైటిస్ సి అనే వైరస్ జబ్బు ఒకటి, 2014 తర్వాత వచ్చిన కొత్త మాత్రలతో మూడు నెలల్లో అది నయమైపోతోంది. దాని చోట్లోకి సుగరు, పొట్ట, ఫ్యాటీ లివరు వచ్చి కూర్చున్నాయి, ఇవి ఇరవై ముప్పై ఏళ్ళు చప్పుడు లేకుండా పనిచేసి అరవైల్లో బయటపడే జబ్బులు, చుక్క మందు ముట్టని మనిషికి సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడిపోయింది అంటే ఇంట్లోవాళ్ళు డాక్టరునే అనుమానంగా చూస్తారు. తాగుడు వల్ల పాడయ్యేవాళ్ళు తగ్గారని కాదు, వాళ్ళు మామూలుగా ఇంకా ముందే వస్తారు, నలభైల్లో యాభైల్లో.

ఇప్పుడు లెక్కలు. అమెరికాలో లివర్ మార్చుకున్న పెద్దవాళ్ళందర్నీ కలిపి చూస్తే ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు 90 శాతం పైమాటే. 65 దాటినవాళ్ళని విడిగా తీస్తే ఏడాది దగ్గర తేడా కొంచెమే, ఐదేళ్ళ దగ్గరికొచ్చేసరికి అది పెరుగుతుంది, చిన్నవాళ్ళు 80ల శాతంలో ఉంటే వీళ్ళు 70ల్లో ఉంటారు. డెబ్బై దాటినవాళ్ళ మీద వచ్చిన రిపోర్టులు కూడా ఇదే దారిలో ఉంటాయి, మొదటి ఏడాది గట్టెక్కితే పర్లేదు, ఆ తర్వాత గీత కిందికి వాలుతుంది. వినడానికి బాగానే ఉంది కదా, పదిమందిలో ఏడుగురు ఐదేళ్ళు అంటే. కానీ ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది, ఎవరూ దాచరు, ఎవరూ గట్టిగా చెప్పరు కూడా. ఈ డెబ్బై ఏళ్ళవాళ్ళు ఏరి ఏరి తీసుకున్నవాళ్ళు. గుండె బాగోనివాళ్ళని, కిడ్నీలు ఆగిపోతున్నవాళ్ళని, మంచం దిగలేనివాళ్ళని ముందే పక్కకి పెట్టేశారు, మిగిలినవాళ్ళకి చేశారు, అందుకే అంత బాగా వచ్చింది. నలభై ఏళ్ళ మనిషికైతే అంత జల్లెడ పట్టరు, కొంచెం అటూ ఇటూగా ఉన్నా చేసేస్తారు. అంచేత "డెబ్బైకీ బాగానే వస్తున్నాయి రిజల్ట్స్" అన్నది నిజమే, అది జల్లెడలో నిలిచిన గింజల గురించి నిజం. ఇంట్లో ఉన్న పెద్దాయన ఆ జల్లెడలో నిలుస్తాడా లేదా అన్నది వేరే విషయం, ఆ శాతాన్ని నేరుగా ఆయన నెత్తిన పెట్టకూడదు.

ఇక ఆ మూడో ప్రశ్న. సిర్రోసిస్‌లో రెండు దశలుంటాయి. లివర్ గట్టిపడినా పని నెట్టుకొస్తున్నంతకాలం మనిషికి తెలియను కూడా తెలియదు, అలా పదేళ్ళు దాటి కూడా నడుస్తుంది. ఒక్కసారి కడుపులో నీరు పట్టడం, రక్తం వాంతులు, కామెర్లు, మగత వీటిలో ఏదొకటి మొదలైందంటే బండి రోడ్డు దిగినట్టే, అక్కణ్ణుంచి సగం మంది రెండేళ్ళు దాటరు. ఇంకా దగ్గరగా చూడ్డానికి మెల్డ్ స్కోరు అని ఒకటుంది, కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే టైము చెప్పే ఐఎన్ఆర్, కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్, తర్వాత చేర్చిన సోడియం, వీటితో కట్టే లెక్క, 6 నుంచి 40 దాకా ఉంటుంది. హాస్పిటల్లో ఉన్న పేషెంట్లలో స్కోరు 10 నుంచి 19 మధ్య ఉంటే మూడు నెలల్లో చనిపోయే అవకాశం దాదాపు 6 శాతం, 20 నుంచి 29 అయితే దాదాపు 20, ముప్పై దాటితే సగానికి సగం. ఈ స్కోర్లో వయసు లేదు. ఎక్కడా లేదు. అంటే లిస్టులో ఎవరు ముందన్నది చెప్పే లెక్క పుట్టిన సంవత్సరం అడగదు, చెయ్యాలా వద్దా అన్న దగ్గర మాత్రం అందరూ ముందు అదే అడుగుతారు.

పెద్ద వయసువాళ్ళకి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత చనిపోయే ప్రమాదం ఎక్కువ, ఒప్పుకోవాల్సిందే. కానీ ట్రాన్స్‌ప్లాంట్ దొరక్క వెయిటింగ్ లిస్టులో ఉండగా చనిపోయే ప్రమాదం కూడా వాళ్ళకే ఎక్కువ. రెండూ కలిసి పెరుగుతాయి కాబట్టి తీసివేత చేస్తే, అంటే మార్చినందువల్ల కలిసొచ్చిన కాలం ఎంత అని చూస్తే, ముసలివాళ్ళకీ నడివయసు వాళ్ళకీ పెద్ద తేడా రాలేదని అమెరికా రిజిస్ట్రీ లెక్కలు కట్టినవాళ్ళు తేల్చారు, 2016లో వచ్చింది ఆ పరిశోధన. మెల్డ్ 12 ఉండి కులాసాగా తిరుగుతున్న డెబ్బై రెండేళ్ళాయన్ని తీసుకెళ్ళి కోయిస్తే నష్టమే ఎక్కువ. అదే మనిషికి స్కోరు 25 ఉండి ఒళ్ళు ఇంకా గట్టిగా ఉందనుకోండి, ఆగడం వల్లే నష్టం.

ఒక చిన్న పిట్టకథ లాంటిది ఇక్కడ. లివర్‌కి మనతో పాటు వయసు రాదు, లేదా చాలా నిదానంగా వస్తుంది. జర్మనీలో డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు కార్బన్ లెక్కతో చూస్తే ఇరవై ఏళ్ళ మనిషిలోనైనా ఎనభై ఏళ్ళ మనిషిలోనైనా లివర్ కణాల సగటు వయసు మూడేళ్ళ లోపేనట, 2022లో బయటపెట్టారు. అదే ఏడాది అమెరికాలో ఇంకో లెక్క వచ్చింది, దాత ఒంట్లో ఉన్న ఏళ్ళూ, పుచ్చుకున్నవాళ్ళ ఒంట్లో ఉన్న ఏళ్ళూ కలిపితే వందేళ్ళు దాటి పనిచేసిన లివర్లు ఎన్నున్నాయి అని వెతికితే 25 దొరికాయి. ఇటలీ, స్పెయిన్ లాంటి చోట్ల డెబ్బై, ఎనభై దాటిన దాతల లివర్లు కూడా వాడుతున్నారు. మరి లివర్ ముసలిది కాకపోతే డెబ్బై ఏళ్ళ పేషెంటుకి భయం దేనికి? చుట్టూ ఉన్నవాటికి. గుండెకి, కిడ్నీకి, కండకి.

గుండె సంగతి అందరికీ తెలిసిందే, ఎకో, స్ట్రెస్ పరీక్ష, చాలామందికి యాంజియోగ్రామ్ చేస్తారు, ఆపరేషన్‌లో కొత్త లివర్‌లోకి రక్తం వదిలిన ఆ రెండు మూడు నిమిషాల్లో బీపీ ధడాల్న పడిపోతుంది, చల్లటి ద్రవంలో ఉన్న అవయవం లోంచి చల్లటి రక్తం పొటాషియంతో సహా ఒక్కసారిగా గుండెలోకి వస్తుంది, అది తట్టుకునే గుండె కావాలి. కిడ్నీ దగ్గర ఒక మోసం ఉంది. క్రియాటినిన్ అనేది కండ నుంచి వచ్చే పదార్థం, కండ కరిగిపోయిన ముసలాయనకి అది తయారయ్యేదే తక్కువ, రిపోర్టులో 1.1 అని చూసి కిడ్నీ బాగుందనుకుంటారు, నిజానికి అది సగం పనే చేస్తుండొచ్చు. తెలిసిన డాక్టర్లు ఆ ఒక్క అంకె చూసి సంతోషపడిపోరు.

అసలు కథంతా కండ దగ్గరుంది. సిర్రోసిస్ కండని తినేస్తుంది, వయసు కూడా తినేస్తుంది, రెండూ కలిస్తే చేతుల మీద చర్మం వేలాడుతూ, కణతలు లోపలికి పోయి, పొట్ట మాత్రం నీటితో కుండలా ఉంటుంది. బరువు చూస్తే తగ్గలేదనిపిస్తుంది, పోయిన కండ బరువుని నీళ్ళు పూడ్చేస్తాయి మరి. దీన్ని కొలవడానికి ఖరీదైన మిషన్లేం అక్కర్లేదు, కుర్చీ చాలు. లివర్ ఫ్రెయిల్టీ ఇండెక్స్ అని 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు తయారుచేసింది మూడు పనులతో అయిపోతుంది. చేతి పట్టు ఎంతుందో చిన్న పరికరం నొక్కించి చూస్తారు. పాదాలు పక్కపక్కన, కొంచెం ముందు వెనకగా, ఒకదాని వెనక ఒకటి పెట్టించి ఒక్కోటి పది సెకన్లు నిలబెడతారు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమంటారు, టైము చూస్తారు. ఓపీ గదిలో ఈ మూడోది జరుగుతుంటే చూడాలి, పెద్దాయన మొదటిసారి బాగానే లేస్తాడు, రెండోసారి తొడ మీదకి చెయ్యి తెలియకుండానే పోతుంది, "చెయ్యి పెట్టకండి తాతగారూ" అంటుంది నర్సు, మూడోసారికి నడుము ముందుకి ఊపి లేవబోయి మళ్ళీ కూలబడతాడు, అంతే, నవ్వేసి "పొద్దున్నించి ఏం తినలేదమ్మా" అంటాడు. ఆ ఇరవై సెకన్లలో తెలిసినంత ఆధార్ కార్డులో ఉన్న పుట్టిన తేదీ చెప్పదు. అరవై ఏళ్ళకే ఇందులో తప్పేవాళ్ళుంటారు, డెబ్బై మూడేళ్ళకి టకటకా ఐదూ లేచేవాళ్ళూ ఉంటారు, బీచ్ రోడ్డులో పొద్దున ఐదింటికి కాళీమాత గుడి నుంచి పార్క్ హోటల్ దాకా నడిచే పెద్దాళ్ళని చూస్తే అర్థమవుతుంది ఈ తేడా.

మంచి కబురేంటంటే ఈ ఒక్కటీ కాస్త మార్చుకోగలిగింది. కానీ ఇళ్ళల్లో జరిగేది సరిగ్గా ఉల్టా. లివర్ జబ్బంటే పథ్యం అనుకుంటారు, గంజి, చారన్నం, బార్లీ నీళ్ళు, చేప మానెయ్ గుడ్డు మానెయ్ పప్పు వేడి చేస్తుంది. ప్రొటీన్ తగ్గించాలనే పాత సలహా ఎప్పుడో పోయింది, ఇప్పటి గైడ్‌లైన్స్ ప్రకారం కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ తినాలి, రాత్రి పడుకునే ముందు ఏదొకటి కడుపులో పడాలి, ఎందుకంటే పాడైన లివర్ పిండిపదార్థం దాచిపెట్టుకోలేదు, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే తెల్లారేసరికి ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. వైజాగ్‌లో ఉండి చేప మానేయడం కంటే అన్యాయం లేదు, వంజరం, పండుగప్ప కూర తినొచ్చు, మానాల్సింది ఎండు చేప, ఆవకాయ, అప్పడం, ఉప్పు అన్నమాట. కడుపులో నీరు పెంచేది ఉప్పు, నేరం మాత్రం చేప మీదికి పోయింది.

ఇంకో పొరపాటు దీనికన్నా ఖరీదైంది. లివర్ వడపోయాల్సిన అమోనియా లాంటివి మెదడుకి చేరితే మనిషి రాత్రంతా మేలుకుని పగలు తూగుతాడు, తెలిసిన దారి తప్పుతాడు, మనవడి పేరు మర్చిపోతాడు, చెయ్యి చాచమంటే రెక్కలాడించినట్టు వణుకుతుంది. నలభై ఏళ్ళ మనిషి ఇలా చేస్తే ఆ పూటే హాస్పిటల్‌కి తీసుకెళ్తారు. డెబ్బై ఏళ్ళాయన చేస్తే చాదస్తం వచ్చిందంటారు, వయసు కదా అంటారు, నెలలు గడిచిపోతాయి. లాక్టులోజ్ సిరప్ పట్టి రోజుకి రెండు మూడు విరేచనాలు అయ్యేలా చూస్తే తేటపడే మనిషిని మతిమరుపు కింద జమకట్టేసి మూల కూర్చోబెడతారు. మధ్యలో పసరు మందులు ఒకటి, కామెర్లు అనగానే ఫలానా ఊళ్ళో ఇస్తారని తీసుకుపోవడం, ఏం కలుస్తుందో తెలియని ఆ ఆకురసం అప్పటికే కుంటుతున్న లివర్ మీద పడటం. ఇలా అన్నీ అయ్యాక హెల్త్ సిటీ మెట్లెక్కేసరికి అప్పటిదాకా జల్లెడలో నిలిచే మనిషి కూడా జారిపోతాడు. తర్వాత దానికి పేరు వయసు అయిపోయిందని పెడతారు, చాలాసార్లు అయిపోయింది టైము.

లివర్‌లో క్యాన్సర్ గడ్డ ఉన్నవాళ్ళ సంగతి కొంచెం వేరు, పెద్ద వయసులో ట్రాన్స్‌ప్లాంట్‌కి వచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎక్కువే. 1996లో మిలాన్‌లో పెట్టిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది, ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల దాకా ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు. ఈ హద్దులో ఉంటే మార్చాక మళ్ళీ తిరగబెట్టడం తక్కువ. వీళ్ళలో చాలామందికి లివర్ ఇంకా కాస్త పనిచేస్తూనే ఉంటుంది, ఒళ్ళు కరిగిపోలేదు, అందుకే ముసలివాళ్ళలో రిజల్ట్స్ బాగా కనబడటానికి వీళ్ళూ ఒక కారణం. కాకపోతే వీళ్ళకి వేరే దారులు కూడా ఉన్నాయి, సూదితో గడ్డని కాల్చేయడం, రక్తనాళం ద్వారా మందు పంపి మూసేయడం, కొన్నిసార్లు ఆ ముక్కే కోసేయడం. డెబ్బై ఐదేళ్ళాయనకి 2 సెంటీమీటర్ల గడ్డ ఉంటే ముందు కాల్చడం చూస్తారు.

ఇంతవరకు చెప్పిన అంకెలన్నీ ఎక్కువగా అమెరికావి, అక్కడ లివర్లు దాదాపు అన్నీ చనిపోయిన దాతల నుంచే వస్తాయి. మన దగ్గర బోర్డు తిప్పి చదవాలి. 2023లో దేశం మొత్తం మీద అవయవ మార్పిడులు 18,378, చనిపోయాక అవయవాలిచ్చిన దాతలు 1,099 మంది, అంతే. లివర్లలో అత్యధికం బతికున్న మనిషి కడుపు కోసి తీసుకున్న ముక్కే. అంటే అమెరికాలో డెబ్బై ఏళ్ళాయనకి చెయ్యాలా అన్నది ఆ లివర్ ఇంకో చిన్నవాడికి పోతే బాగుండేదా అన్న ప్రశ్న. మన దగ్గర ఆ లివర్ వేరే ఎవరికీ పోదు, కూతురిచ్చే ముక్క నాన్నకే ఇస్తుంది. ఇక్కడ తూకంలో రెండోవైపు ఉండేది ముక్కూ మొహం తెలియని పేషెంటు కాదు, ఇంట్లో ముప్పై ఐదేళ్ళ మనిషి.

దాత దగ్గర లెక్క ఇలా ఉంటుంది. పుచ్చుకునేవాళ్ళ బరువులో కనీసం 0.8 శాతం బరువున్న ముక్క కావాలి, 70 కిలోల మనిషికి 560 గ్రాములు, ఆ 70 కిలోల్లో కడుపులో నీరు తీసేసి లెక్కేస్తారు, పది లీటర్ల నీరు మోస్తున్నాడంటే అసలు మనిషి 60 కిలోలే. దాత లివర్ 1200 గ్రాములుంటే కుడి భాగం దాదాపు 700 వస్తుంది, దాతకి కనీసం 30 శాతం మిగలాలి. రెండు మూడు నెలల్లో దాత లివర్ దాదాపు మునుపటి సైజుకి పెరిగిపోతుంది, ఇది నిజంగా వింతే. కానీ కోత కోతే, కుడి భాగం ఇచ్చే దాత చనిపోయే ప్రమాదం 0.2 నుంచి 0.5 శాతం అంటారు, అంటే రెండొందల నుంచి ఐదొందల మందిలో ఒకరు. ఏ జబ్బూ లేని మనిషికి అది. చట్టం ప్రకారం భార్య, భర్త, కొడుకు, కూతురు, అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు దగ్గర బంధువులు, 1994 చట్టాన్ని 2011లో సవరించినప్పుడు తాత, నానమ్మ, మనవలు కూడా చేరారు. అల్లుడు, కోడలు, మేనల్లుడు అయితే కమిటీ ముందుకెళ్ళాలి.

చెప్పకపోతే బాగోదు గానీ, ఎవరిస్తున్నారు ఎవరు పుచ్చుకుంటున్నారు అన్నది చూస్తే మన ఇళ్ళు ఎలా నడుస్తాయో తెలిసిపోతుంది. 1995 నుంచి 2021 దాకా దేశంలో లెక్కకెక్కిన 36,640 అవయవ మార్పిడుల్లో 29,000 పైగా మగవాళ్ళకే, ఆడవాళ్ళకి 6,945. నాన్నకి కూతురో భార్యో ఇస్తుంది, అమ్మకి జబ్బు చేస్తే అమ్మే వద్దంటుంది, పెద్దదాన్నైపోయాను నాకెందుకురా అని. భార్యకి కూడా అరవై ఐదేళ్ళుంటే దాతగా పనికిరాదు, దాతలకి ఎక్కువచోట్ల 55 ఏళ్ళ దాకానే ఒప్పుకుంటారు. ఆ లెక్కన డెబ్బై ఏళ్ళ పేషెంటంటే దాదాపుగా పిల్లల మీదే పడుతుంది. ఈ పేరాలో ఉన్న విషయాన్ని ఏ సర్వైవల్ శాతమూ చెప్పదు. ట్రాన్స్‌ప్లాంట్ ఫలితం అంటే ఒక్క పేషెంటు ఫలితం అని రాసుకోవడం మన దేశంలో సగం లెక్కే అనిపిస్తుంది, దాతగా కోత పెట్టించుకున్న మనిషి ఆర్నెల్లకి ఉద్యోగానికి తిరిగి వెళ్ళిందా లేదా అన్నది కూడా అందులో పడాలి. అందుకే మంచి సెంటర్లలో దాతని ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంటివాళ్ళెవరూ లేకుండా, "నీకు ఇష్టం లేకపోతే చెప్పు, మ్యాచ్ కాలేదని మేమే చెప్తాం" అంటారు.

చనిపోయిన దాతల దారి మన రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కుటుంబం ఒప్పుకుంటే విమ్స్ నుంచో ఇంకో హాస్పిటల్ నుంచో అంబులెన్సు బయల్దేరుతుంది, పోలీసులు గ్రీన్ ఛానల్ అని ఎన్ఏడీ మీదుగా ఎయిర్‌పోర్టు దాకా రోడ్డు ఖాళీ చేయిస్తారు, లివర్‌కి ఐస్ పెట్టెలో ఉన్న టైము పన్నెండు గంటలు దాటకూడదు, ఎనిమిది లోపయితే ఇంకా మంచిది. వయసు హద్దు తీసేసినా దాతలే ఇంత తక్కువున్నప్పుడు డెబ్బై ఏళ్ళ మనిషి ఆ లిస్టు నమ్ముకుని కూర్చోవడం కష్టం, అయినా పేరు రాయించడంలో పోయేదేం లేదు.

ఆపరేషన్ అయ్యాక పెద్దవాళ్ళకి మొదటి ఇబ్బంది ఐసీయూలోనే. మత్తు దిగాక రెండు మూడు రోజులు అయోమయం, ట్యూబులు పీకేసుకోవడం, రాత్రుళ్ళు కేకలు, లేచి నడవడానికి ఎక్కువ రోజులు పట్టడం. తర్వాత మందులు. కొత్త లివర్‌ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ పన్నెండు గంటలకోసారి, పొద్దున ఎనిమిదికి ఒకటి రాత్రి ఎనిమిదికి ఒకటి, రక్తంలో దాని లెవెల్ చూడాలంటే పొద్దుటి మాత్ర వెయ్యకముందే రక్తం ఇవ్వాలి, చాలామంది వేసేసి వస్తారు, ఆ రోజు టెస్టు దండగ. పంపరపనస తినకూడదు, ఆ లెవెల్ పెంచేస్తుంది. ఇందులో ముసలివాళ్ళకి ఒక చిన్న లాభం ఉంది, వయసుతో పాటు ఒంటి రక్షణ వ్యవస్థ కూడా మెత్తబడుతుంది కాబట్టి కొత్త లివర్‌ని తిప్పికొట్టడం వాళ్ళలో తక్కువ, మందు తక్కువ డోసుతో నెట్టుకురావచ్చు. అదే మెత్తదనం వల్ల ఇన్ఫెక్షన్లు ఎక్కువ, మన దగ్గర టీబీ భయం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మందు కిడ్నీ మీద పడుతుంది, స్టెరాయిడ్లు సుగర్ పెంచి ఎముకలు గుల్ల చేస్తాయి. చందనోత్సవం రోజు సింహాచలం క్యూలో నిలబడతానంటే మొదటి ఏడాది మాత్రం ఎవరూ ఒప్పుకోరు, అప్పన్నని టీవీలో చూసుకోవాల్సిందే.

మరి ఐదేళ్ళ తర్వాత వీళ్ళు దేనితో పోతున్నారు? చాలామంది లివర్ పాడై కాదు. గుండెపోటు, పక్షవాతం, వేరే చోట వచ్చిన క్యాన్సరు, ఇన్ఫెక్షను, వీటితో. లివర్ ఆఖరి రోజు దాకా పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి డెబ్బై దాటినాయనకి మార్పిడి తర్వాత చూడాల్సిన డాక్టరు లివర్ డాక్టరు ఒక్కడే కాదు, ఊళ్ళో బీపీ సుగరు చూసే మామూలు డాక్టరు అంతకన్నా ముఖ్యం, హైదరాబాదులోనో చెన్నైలోనో ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఇక్కడ కుదుటపడ్డ ఏడాదికి బీపీ చూపించుకోవడం మానేసేవాళ్ళు ఎక్కువ.

డబ్బు గురించి ఒక ముక్క. ప్రైవేటులో ఖర్చు ఇరవై లక్షల దగ్గర మొదలై పైకే పోతుంది, తర్వాత మందులు జీవితాంతం. డెబ్బై దాటినవాళ్ళకి 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ కార్డు ఏడాదికి 5 లక్షల దాకా, దానికీ దీనికీ మధ్య దూరం చూస్తే తెలుస్తుంది. పొలం అమ్మాలా అన్న ప్రశ్న దగ్గర ఆ పెద్దాయనే చాలాసార్లు వద్దంటాడు, దాన్ని నీరసం మాటగా కొట్టిపారేయడం కూడా తప్పే, ఒప్పుకునే మాటలాగే వద్దనే మాట కూడా తెలివితో ఉన్న మనిషిదే, మగతలో లేనప్పుడు అడగాలి అంతే.

వద్దనుకున్నాక చేసేదేం లేదని ఇంటికి పంపేయడం మాత్రం పాత పద్ధతి. కడుపులో నీరు పది పదిహేను రోజులకోసారి సూదితో తీయించుకోవచ్చు, ఒకేసారి ఐదు లీటర్లు దాటి తీస్తే లీటరుకి 6 నుంచి 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ ఎక్కించాలి, లేకపోతే బీపీ పడిపోయి కిడ్నీ దెబ్బతింటుంది, ఆ బాటిలు ఖరీదని కొన్నిచోట్ల ఎగ్గొడతారు, అడిగి వేయించుకోవాలి. అన్నవాహికలో ఉబ్బిన నరాలకి ఎండోస్కోపీలో రబ్బరు బ్యాండ్లు వేస్తే రక్తం వాంతుల భయం తగ్గుతుంది. పొద్దున డే కేర్‌లో చేరి పది లీటర్లు తీయించుకున్న మనిషి సాయంత్రానికి బెల్టు రెండు కన్నాలు వెనక్కి బిగించి, మనవడి భుజం మీద చెయ్యేసి ఆటో దాకా తనంతట తనే నడుస్తాడు, ఇంకో పదిహేను రోజులకి మళ్ళీ అదే బెడ్డు బుక్ చేయించి.